నోరు కట్టుకున్నా తగ్గని బరువు.. పగ్గాలు మెదడు చేతిలో!

* ఆకలి లెక్క కడుపుది కాదు.. హైపోథాలమస్‌ది
* కొవ్వు పంపే కబురు మెదడుకు చేరకపోతే ఊబకాయం
* కఠిన ఉపవాసంతో తగ్గిన బరువు తిరిగి రావడానికి కారణమిదే

నరసరావుపేట: పెళ్లి పంక్తిలో సన్నగా ఉన్న మనిషి మూడోసారి అన్నం పెట్టించుకున్నా ఎవరూ పట్టించుకోరు. పక్కన కూర్చున్న స్థూలకాయుడు రెండో బూరె అందుకుంటే మాత్రం పది కళ్లు అటు తిరుగుతాయి. ‘కాస్త నోరు కట్టుకోవచ్చుగా’ అన్న మాట వెనుక నుంచి వినిపిస్తుంది. ఊబకాయులకు నిత్యం ఎదురయ్యే అవమానమిది. బరువు పెరగడమంటే నిగ్రహం లేకపోవడమేనన్న అభిప్రాయం సమాజంలో అంతగా నాటుకుపోయింది. ఎనిమిది దశాబ్దాలకు పైగా సాగుతున్న పరిశోధనలు మాత్రం ఇందుకు భిన్నమైన వాస్తవాన్ని బయటపెట్టాయి. ఎంత తినాలి, ఎప్పుడు ఆపాలి, ఒంట్లో ఎంత కొవ్వు నిల్వ ఉంచాలి అన్న లెక్కలో కీలక పాత్ర మెదడుదే. ఆ లెక్కలో అధిక భాగం మనిషి సంకల్పంతో నిమిత్తం లేకుండానే సాగిపోతుంది.

ఈ విషయం తెలుసుకోవాల్సిన అవసరం తెలుగు నేలపై ఎంతైనా ఉంది. 2019-21లో నిర్వహించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. దేశ సగటు 24 శాతమే. పురుషుల్లో ఆంధ్రప్రదేశ్‌లో 31.1 శాతం, తెలంగాణలో 32.3 శాతం కాగా దేశ సగటు 22.9 శాతం. అంటే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరి సమస్య ఇది. ఇంతమంది ఒక్కసారిగా నిగ్రహం కోల్పోయారనుకోవడం సహేతుకం కాదు.

బాదం గింజంత భాగం.. ఒళ్లంతా అజమాయిషీ

మెదడు అడుగు భాగంలో, పీయూష గ్రంథికి సరిగ్గా పైన, బాదం గింజంత పరిమాణంలో హైపోథాలమస్ ఉంటుంది. దీని బరువు నాలుగు గ్రాములకు మించదు. శరీర ఉష్ణోగ్రత, దాహం, నిద్ర వంటి వాటితో పాటు ఆకలిని కూడా అదుపు చేసేది ఇదే. ఇందులో పరస్పర విరుద్ధంగా పనిచేసే రెండు రకాల నాడీకణాలు పక్కపక్కనే ఉన్నాయి. ఏజీఆర్‌పీ అనే కణాలు ఆకలిని రేపుతాయి. పీఓఎంసీ అనే కణాలు ‘ఇక చాలు’ అన్న తృప్తిని కలిగిస్తాయి. ఎడ్ల బండితో పోలిస్తే మొదటిది ముల్లుకర్ర, రెండోది పగ్గం. రెండూ సరిగా పనిచేస్తేనే బండి దారిలో సాగుతుంది.

ఈ కణాల శక్తి ఎంతటిదో ప్రయోగాల్లో రుజువైంది. 2005లో శాస్త్రవేత్తలు ఎదిగిన చిట్టెలుకల్లో ఏజీఆర్‌పీ కణాలను నశింపజేయగా అవి ఎదురుగా తిండి ఉన్నా ముట్టక శుష్కించిపోయాయి. 2011లో అమెరికాలో జరిగిన మరో ప్రయోగంలో అవే కణాలను కాంతి సాయంతో ఉత్తేజపరిచారు. అప్పటికే కడుపు నిండి ఉన్న చిట్టెలుకలు నిమిషాల వ్యవధిలోనే ఆబగా తినడం మొదలుపెట్టాయి. వాటి కడుపులో ఏ మార్పూ జరగలేదు. మారింది మెదడులోని ఆజ్ఞ మాత్రమే.

నిత్యం అందే కబుర్లు

హైపోథాలమస్‌కు శరీరం నలుమూలల నుంచి సమాచారం అందుతూ ఉంటుంది. వీటిని రెండు తరగతులుగా విభజించవచ్చు.

మొదటివి పూటపూటకూ అందే కబుర్లు. కడుపు ఖాళీ అయినప్పుడు జీర్ణాశయం గోడల నుంచి గ్రెలిన్ అనే హార్మోన్ విడుదలై మెదడులో ఆకలి పుట్టిస్తుంది. దీనిని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా బృందం కనుగొంది. భోజనం మొదలయ్యాక జీర్ణాశయం సాగుతుంది. ఆ సమాచారం వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. ఆహారం పేగుల్లోకి దిగేకొద్దీ సీసీకే, జీఎల్‌పీ-1, పీవైవై వంటి హార్మోన్లు విడుదలై తృప్తి సంకేతాలు పంపుతాయి. ఈ సంకేతాలన్నీ పూర్తిగా అందడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. హడావుడిగా పది ముద్దల్లో భోజనం ముగించేవారు అవసరానికి మించి తినడానికి ఒక కారణమిదే. మెదడు ‘చాలు’ అనే లోపే కంచం ఖాళీ అవుతుంది.

రెండోది దీర్ఘకాలపు కబురు. ఇది కొవ్వు నిల్వల నుంచి వస్తుంది. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి విడుదల చేస్తాయి. గాదెలో ధాన్యం ఎంతుందో రైతుకు తెలిసినట్లే, ఒంట్లో కొవ్వు ఎంతుందో లెప్టిన్ ద్వారా మెదడుకు తెలుస్తుంది. నిల్వ తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. నిల్వ పెరిగితే లెప్టిన్ పెరుగుతుంది, ఆకలి మందగిస్తుంది.

ఈ లెక్క ఎంత సూక్ష్మమైనదో చిన్న గణితంతో తెలుసుకోవచ్చు. రోజుకు 2,000 కిలో కేలరీలు తినే వ్యక్తి ఏడాదిలో 7.3 లక్షల కిలో కేలరీల ఆహారం తీసుకుంటాడు. కిలో బరువు పెరగడానికి ఉజ్జాయింపుగా 7,700 కిలో కేలరీలు అదనంగా నిల్వ ఉండాలి. అంటే ఏడాదికి కిలో పెరిగిన మనిషి లెక్క తప్పింది ఒక శాతం మాత్రమే. రోజుకు అర చెంచా నూనెతో సమానం. తూకం వేసి తినని మనిషి ఏళ్ల తరబడి దాదాపు ఒకే బరువుతో ఉండగలుగుతున్నాడంటే, ఆ ఘనత మెదడుదే.

చిట్టెలుకలు విప్పిన రహస్యం

మెదడుకు, స్థూలకాయానికి సంబంధం ఉందన్న అనుమానం కొత్తది కాదు. పీయూష గ్రంథి వద్ద కణితి ఏర్పడి విపరీతంగా లావెక్కిన బాలుడి గురించి 1901లోనే వియన్నా వైద్యుడు ఫ్రోలిష్ వివరించాడు. 1940లో అమెరికా శాస్త్రవేత్తలు హెథరింగ్టన్, రాన్సన్‌లు ఎలుకల హైపోథాలమస్‌లో ఒక భాగాన్ని దెబ్బతీయగా అవి స్థూలకాయంతో ఉబ్బిపోయాయి. 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్త బాలకృష్ణ ఆనంద్, తన సహచరుడు బ్రోబెక్‌తో కలిసి ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన భాగాన్ని గుర్తించారు. హైపోథాలమస్ పక్క భాగాన్ని దెబ్బతీస్తే ఎలుకలు తినడమే మానేశాయి. తర్వాతి కాలంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో శరీరధర్మ శాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దింది ఈ ఆనందే.

అయితే ఒంట్లోని కొవ్వు మెదడుతో ఎలా మాట్లాడుతోందన్నది చాలాకాలం అంతుచిక్కలేదు. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో 1949లో అసాధారణంగా లావెక్కే చిట్టెలుకలు పుట్టాయి. అదే ప్రయోగశాలకు చెందిన డగ్లస్ కోల్‌మన్ తర్వాత ఒక విచిత్ర ప్రయోగం చేశాడు. లావు చిట్టెలుకను, మామూలు చిట్టెలుకను శస్త్రచికిత్సతో జోడించి రెండింటి రక్తం కలిసేలా చేశాడు. లావు చిట్టెలుక తిండి తగ్గించి సన్నబడింది. దాని ఒంట్లో లేని పదార్థమేదో మామూలు చిట్టెలుక రక్తం నుంచి అందిందని ఆయన ఊహించాడు. ఆ పదార్థం ఏమిటో 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం తేల్చింది. అదే లెప్టిన్. గ్రీకు భాషలో ‘లెప్టోస్’ అంటే సన్నని అని అర్థం. అప్పటి వరకు కేవలం నిల్వ పదార్థంగా భావించిన కొవ్వు, మెదడును శాసించే హార్మోన్‌ను తయారు చేస్తుందన్న సంగతి వైద్యలోకాన్ని విస్మయపరిచింది.

హైదరాబాద్‌లోనూ ఇటువంటి ఎలుకలు

ఈ కథలో హైదరాబాద్‌కు కూడా ఒక అధ్యాయం ఉండటం విశేషం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో దశాబ్దాలుగా పెంచుతున్న విస్టార్ జాతి ఎలుకల్లో, జన్యువులో సహజంగా జరిగిన మార్పు వల్ల స్థూలకాయ ఎలుకలు పుట్టుకొచ్చాయి. సంస్థ శాస్త్రవేత్త గిరిధరన్ బృందం 1996లో ఈ కొత్త రకాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసింది. ఈ ఎలుకలు అదుపు లేకుండా తింటాయి. వీటిలో సంతాన సామర్థ్యం దెబ్బతింటుంది, ఆయుష్షు తగ్గుతుంది. జాక్సన్ ప్రయోగశాల చిట్టెలుకలకు లెప్టిన్ లేదు. హైదరాబాద్ ఎలుకల రక్తంలో మాత్రం లెప్టిన్ పుష్కలంగా ఉంది. ఉన్నా మెదడు దానిని లెక్కచేయడం లేదు. మనుషుల్లో అధికశాతం ఊబకాయుల పరిస్థితి ఈ రెండో కోవకే చెందడం గమనార్హం.

ఆ పిల్లల తప్పేమిటి?

మనుషుల్లో తొలి నిదర్శనం 1997లో ఇంగ్లండ్‌లో లభించింది. పాకిస్థాన్ మూలాలున్న ఒక కుటుంబానికి చెందిన ఇద్దరు పిల్లలను కేంబ్రిడ్జి వైద్యులు పరీక్షించారు. ఎనిమిదేళ్ల బాలిక బరువు 86 కిలోలు. ఆమెకు వరుసైన రెండేళ్ల బాలుడి బరువు 29 కిలోలు. ఇద్దరూ పుట్టినప్పుడు మామూలు బరువే. కొద్ది నెలలకే తీరని ఆకలి మొదలైంది. పరీక్షిస్తే వారి రక్తంలో లెప్టిన్ దాదాపు శూన్యమని తేలింది. తర్వాత బాలికకు లెప్టిన్ ఇంజెక్షన్లు ఇవ్వగా 12 నెలల్లో సుమారు 16 కిలోలు తగ్గింది. ఉపదేశాలతో సాధ్యం కానిది, మెదడుకు అందాల్సిన ఒక్క కబురు అందడంతో సాధ్యమైంది.

దగ్గరి బంధువుల మధ్య వివాహాలు జరిగిన కుటుంబం కావడంతో, తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపభూయిష్ట జన్యువే ఆ పిల్లలకు సంక్రమించింది. మేనరికాలు సాధారణమైన తెలుగు కుటుంబాలు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. ఇటువంటి జబ్బులు అత్యంత అరుదు. అయినా ఏడాది, రెండేళ్ల వయసులోనే బిడ్డ ఎంత పెట్టినా ఆకలని ఏడుస్తూ, అసాధారణంగా బరువు పెరుగుతుంటే ‘బొద్దుగా ఉన్నాడు’ అని మురిసిపోకుండా పిల్లల వైద్యుడికి చూపించడం మంచిది.

లెప్టిన్ ఉన్నా చెవిటిదవుతున్న మెదడు

లెప్టిన్ కనుగొన్నప్పుడు ఊబకాయానికి మందు దొరికిందని ప్రపంచం సంబరపడింది. ఆ ఆశ ఎంతోకాలం నిలవలేదు. అధికశాతం ఊబకాయుల్లో లెప్టిన్ లోపించలేదు సరికదా, అవసరానికి మించి ఉంది. అందుకే ఇంజెక్షన్ ఇచ్చినా ఆశించిన ఫలితం రాలేదు. నిత్యం కేకలు వినే చెవికి ఆ కేకలు ఆనకుండా పోయినట్లు, లెప్టిన్ ఎంత పెరిగినా మెదడు స్పందించడం మానేస్తోంది. కొవ్వు అధికంగా ఉన్న ఆహారం పెట్టిన ఎలుకల్లో, బరువు గణనీయంగా పెరగకముందే, కొద్ది రోజులకే హైపోథాలమస్‌లో వాపు లక్షణాలు కనిపించాయని 2012లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. అంటే ఆకలి లెక్క చూసే భాగమే ముందుగా దెబ్బతింటోందన్నమాట.

ఉపవాసం కరవుగా కనిపిస్తుంది

పది రోజుల్లో పది కిలోలు తగ్గిస్తామన్న ప్రకటనలు పట్టణాల గోడల నిండా కనిపిస్తుంటాయి. అన్నం మానేసి, పొడులు తాగి బరువు తగ్గినవారు తిరిగి పెరగడమూ అంతే సాధారణం. డబ్బు పోయింది, బరువు పోలేదన్న నిరాశ మిగులుతుంది. దీనికి కారణం కూడా మెదడే.

మానవ మెదడు రూపుదిద్దుకున్నది లక్షల ఏళ్ల లేమిలో. అంతదాకా ఎందుకు, 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన డొక్కల కరవు, 1876-78 నాటి ధాత కరవు ఈ గడ్డ చరిత్రలో నిన్నమొన్నటివే. కొవ్వు నిల్వ తగ్గితే ప్రాణాపాయమని మెదడు భావిస్తుంది. వచ్చింది కరవో, మనిషి కోరి చేస్తున్న ఉపవాసమో దానికి తెలియదు. లెప్టిన్ తగ్గగానే ఆకలిని పెంచుతుంది, శరీరం ఖర్చు చేసే శక్తిని తగ్గిస్తుంది.

1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు అరకొర ఆహారం ఇచ్చి పరిశీలించాడు. బరువులో నాలుగో వంతు కోల్పోయిన ఆ యువకులకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు. ఆంక్షలు తొలగించాక ఎంత తిన్నా తృప్తి కలగలేదని చెప్పారు. వారంతా నిగ్రహం ఉన్నవారే, స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారే.

బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఆకలి హార్మోన్లు పూర్వస్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు నిర్ధారించారు. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరిశీలించగా, వారి శరీరం విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి అంచనా కంటే రోజుకు సుమారు 500 కిలో కేలరీలు తక్కువగా ఉందని 2016లో వెల్లడైంది. వారిలో అత్యధికులు చాలావరకు బరువు తిరిగి పెరిగారు.

కడుపు నిండినా స్వీటుకు చోటు

‘ఆకలి రుచెరుగదు’ అన్నారు పెద్దలు. రుచి కూడా ఆకలిని ఎరుగదన్నది నేటి శాస్త్రం మాట. పెరుగన్నం వరకు తిని త్రేన్చిన మనిషి, జాంగ్రీ కనిపించగానే చేయి చాస్తాడు. ఆ సమయంలో పనిచేసేది హైపోథాలమస్ ఒక్కటే కాదు. ఆనందానికి సంబంధించిన మరో వ్యవస్థ డోపమైన్ ద్వారా కోరికను రేపుతుంది. ఒక రుచిపై మొహం మొత్తినా, కొత్త రుచి ఎదురైతే ఆసక్తి మళ్లీ మేల్కొంటుంది. తీపి, కొవ్వు, ఉప్పు కలగలిసిన పదార్థాలకు ఈ వ్యవస్థ సులభంగా లొంగిపోతుంది.

2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకుడు కెవిన్ హాల్ 20 మందికి రెండు వారాల పాటు ఫ్యాక్టరీల్లో బాగా శుద్ధి చేసిన ఆహారం, మరో రెండు వారాలు ఇంటి వంట వంటి సాదా ఆహారం పెట్టి, ఎవరికి కావలసినంత వారిని తినమన్నాడు. మొదటి రకం ఆహారంతో వారు రోజుకు సుమారు 500 కిలో కేలరీలు అదనంగా తిన్నారు. కిలోకు కాస్త తక్కువగా బరువు పెరిగారు. రెండో రకంతో అంతే తగ్గారు.

వంశపారంపర్య ప్రభావాన్ని కూడా కొట్టిపారేయలేం. డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన 540 మందిని పరిశీలించిన స్టంకార్డ్ బృందం, వారి శరీర బరువు పెంచిన తల్లిదండ్రులతో కాక కన్న తల్లిదండ్రులతోనే పోలుతోందని 1986లో తేల్చింది. అయితే రెండు మూడు దశాబ్దాల్లో జన్యువులు మారవు. మారింది పరిసరాలే. నడిచి వెళ్లిన పొలానికి నేడు ద్విచక్ర వాహనంపై వెళుతున్నారు. సంతరోజు మాత్రమే దొరికిన చిరుతిండి నేడు ప్రతి బడ్డీ కొట్టులో రోజంతా వేలాడుతోంది. కరవు కోసం తయారైన మెదడు సమృద్ధి మధ్య చిక్కుకుంది.

మందులొచ్చాయి.. జాగ్రత్తలూ ముఖ్యమే

ఆకలిని మెదడు స్థాయిలోనే అదుపు చేసే మందుల చరిత్రలో ఎదురుదెబ్బలు ఉన్నాయి. 2006లో ఐరోపాలో అనుమతి పొందిన రిమోనాబంట్ కుంగుబాటుకు దారితీస్తోందని 2008లో ఉపసంహరించారు. గుండెకు ముప్పు ఉందని తేలడంతో సిబుట్రమిన్‌ను 2010లో పలు దేశాల్లో నిలిపివేశారు. భారత్‌లో 2011లో నిషేధించారు.

ప్రస్తుతం చర్చలో ఉన్నవి పేగుల హార్మోన్ జీఎల్‌పీ-1ను అనుకరించే మందులు. ఇవి మెదడుకు తృప్తి సంకేతం పంపుతాయి. సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గినట్లు 2021లో వెలువడిన అధ్యయనం తెలిపింది. భారత్‌లో 2025 మార్చిలో టిర్జెపటైడ్, జూన్‌లో ఊబకాయ చికిత్సకు సెమాగ్లూటైడ్ విడుదలయ్యాయి. అయితే మందు ఆపిన ఏడాదిలోగా తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చినట్లు 2022లో తేలింది. వికారం, వాంతులు, మలబద్ధకం సాధారణం. పిత్తాశయంలో రాళ్లు, క్లోమగ్రంథి వాపు అరుదుగా రావచ్చు. గర్భిణులు వాడరాదు. వైద్యుడి చీటీ లేకుండా దుకాణంలో కొనుక్కునే మందులు ఇవి కావు.

తీవ్ర స్థూలకాయానికి చేసే శస్త్రచికిత్సలు కూడా కేవలం కడుపును చిన్నది చేసి ఊరుకోవు. పేగుల నుంచి మెదడుకు వెళ్లే హార్మోన్ సంకేతాలను మారుస్తాయి. ఆకలి తగ్గడానికి అది ముఖ్య కారణం.

మెదడుతో పోట్లాడకుండా..

మెదడు స్వభావం తెలుసుకుని నడుచుకుంటే ఫలితం ఉంటుంది. పాటించదగిన కొన్ని సూచనలు:

* భోజనం నిదానంగా చేయాలి. రెండోసారి వడ్డించుకునే ముందు కొద్ది నిమిషాలు ఆగాలి. తృప్తి సంకేతం అందే వ్యవధి ఇవ్వాలి.

* పప్పు, పెసలు, గుడ్డు, చేప వంటి మాంసకృత్తులు, ఆకుకూరలు, కాయగూరలు పెంచాలి. వీటితో తృప్తి ఎక్కువసేపు నిలుస్తుంది. శీతల పానీయాల్లోని చక్కెర కడుపు నింపదు, బరువు మాత్రం పెంచుతుంది.

* నిద్ర తగ్గించుకోరాదు. రెండు రాత్రులు నాలుగు గంటల చొప్పున మాత్రమే నిద్రపోయిన యువకుల్లో గ్రెలిన్ 28 శాతం పెరిగి, లెప్టిన్ 18 శాతం తగ్గినట్లు 2004లో షికాగో పరిశోధకులు గుర్తించారు.

* వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక అవసరం. తగ్గిన బరువును నిలబెట్టుకోవడంలో వ్యాయామం పాత్ర ఎక్కువ.

* చిరుతిళ్లు కంటికి కనిపించే చోట ఉంచరాదు. నిగ్రహాన్ని పరీక్షించడం కంటే పరీక్షే లేకుండా చేయడం సులువు.

* కీళ్ల నొప్పులకు విచ్చలవిడిగా వాడే స్టిరాయిడ్ మాత్రలు, కొన్ని మానసిక రుగ్మతల మందులు ఆకలిని పెంచుతాయి. హఠాత్తుగా బరువు పెరిగితే వాడుతున్న మందుల వివరాలు వైద్యుడికి చెప్పాలి. అయితే వాటిని సొంతంగా ఆపరాదు.

* కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య భారతీయుల్లో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయంగా పరిగణిస్తారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తికి 64 కిలోల వద్ద ఈ సంఖ్య 25 అవుతుంది. నడుము చుట్టుకొలత పురుషుల్లో 90, మహిళల్లో 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, రక్తపోటు పరీక్షలు చేయించుకోవడం శ్రేయస్కరం.

* బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తంలో చక్కెర, రక్తపోటు మెరుగుపడతాయి. ఒకేసారి ఇరవై కిలోల లక్ష్యం పెట్టుకోనవసరం లేదు.

వీటన్నిటికంటే ముందు మారాల్సింది చూపు. రక్తపోటు ఉన్నవారిని చూసి ఎవరూ నవ్వరు. మధుమేహం ఉన్నవారిని సోమరులనరు. ఊబకాయం కూడా అటువంటి ఆరోగ్య సమస్యే. హేళన వల్ల బరువు తగ్గినవారు లేరు. సిగ్గుతో ఆసుపత్రికి వెళ్లకుండా ఆగిపోయినవారు, నలుగురిలో తినలేక చాటున అధికంగా తినేవారు మాత్రం ఉన్నారు. ఇంట్లో లావుగా ఉన్న బిడ్డను ‘తిండిపోతు’ అని పిలిచే ముందు, ఆ ఆకలి బిడ్డ కోరి తెచ్చుకున్నది కాదని పెద్దలు గ్రహించాలి. కంచం ముందు నుంచి లేపడం కాదు, ఇంటిల్లిపాదీ ఒకే రకమైన మంచి ఆహారం తినడం, వైద్యుడి వద్దకు తోడుగా వెళ్లడం ఆ బిడ్డకు చేయగల అసలైన సాయం.